ఊరు పాటకు రజత కమలం: 71వ జాతీయ అవార్డుల్ల మన సంగీతం

నమస్తే అందరికీ. 71వ జాతీయ సినిమా అవార్డుల్ల సంగీతం వరకే ఈ వీడియో. హీరో అవార్డు ఎవరికి రావాల్సింది, ఎవరికి వచ్చింది... ఆ పంచాయితీ వేరే ఛానళ్లు మస్తు చేసినయ్.

ముందుగాల ఒక తికమక తీసేద్దాం. స్టేటస్‌లల్ల అందరూ ‘2025 అవార్డు’ అని పెట్టుకున్నరు. పేర్లు చెప్పింది 2025 ఆగస్టు 1న, రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగ ఇచ్చింది సెప్టెంబర్ 23న, ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌ల. అవార్డు మాత్రం 2023 సంవత్సరానిది. అండ్ల గూడ చూసేది సెన్సార్ సర్టిఫికెట్ తారీఖు, విడుదల తారీఖు కాదు. ‘హనుమాన్’ థియేటర్లకు వచ్చింది 2024 సంక్రాంతికి, అవార్డు తీసుకున్నది 2023 లెక్కల. ఎందుకో ఇప్పుడు సమజైంది కదా.

ఇగ అసలు ముచ్చట. రజత కమలం, అంటే వెండి పతకం, అందుకున్న ఉత్తమ గీత రచయిత కాసర్ల శ్యామ్. మన హన్మకొండ మనిషి. సినిమా ‘బలగం’, పాట ‘ఊరు పల్లెటూరు’, సంగీతం భీమ్స్ సిసిరోలియో, పాడింది రామ్ మిరియాల, మంగ్లీ. తెలుగు పాటకు ఈ అవార్డు ఐదోసారి. శ్రీశ్రీకి ‘అల్లూరి సీతారామరాజు’, వేటూరికి ‘మాతృదేవోభవ’, సుద్దాల అశోక్‌తేజకు ‘ఠాగూర్’, చంద్రబోస్‌కు ‘కొండపొలం’, ఇప్పుడు ‘బలగం’. చంద్రబోస్‌కు జాతీయ అవార్డు ‘నాటు నాటు’కే వచ్చిందని చానామంది రాస్తున్నరు, తప్పు. దానికొచ్చింది ఆస్కార్. ఆయనది చిట్యాల మండలం చల్లగరిగ. అంటే ఆఖరి ఇద్దరూ ఉమ్మడి వరంగల్ జిల్లా వాళ్లే. దీన్ని గొప్ప చెప్పుకుంటే తప్పేం లేదు.

పాట ఎందుకు నిలబడ్డది? కోడి కూతతోని ఊరు లేచే కాడ మొదలైతది. తర్వాత వర్ణన మీద వర్ణన పేర్చకుండ, ఊరు తీరు అమ్మ తీరు అని ఒక్క పోలిక పట్టుకుంటది. అమ్మ కొంగుల దాచిపెట్టి కొడుక్కి ఇచ్చే ప్రేమ అనే భావం వస్తది చూడుండ్రి, పాట బరువంతా ఆడనే ఉన్నది. మన దిక్కు కొంగంటే ఉత్త చీర అంచు కాదు. రూపాయి ముడేసుకునే పర్సు అదే, బిడ్డ మూతి తుడిచే రుమాలు అదే, కండ్లు తుడుచుకునేది గూడ దానితోనే. రచయిత ఇదంతా విడమర్చి చెప్పలే. ఒక్క మాటేసి వదిలేసిండు.

ఇప్పుడు చిక్కు ఏడొస్తదో చెప్త. ఈ అవార్డులకు ఎంట్రీగ పంపే సినిమాకు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉండాలె. ముందుగాల ప్రాంతీయ జ్యూరీ, అంటే అవార్డు ఎవరికో తేల్చేటోళ్ల బృందం, చూస్తది, దాని వడపోత దాటినంక ఢిల్లీల సెంట్రల్ జ్యూరీ. ఈసారి ఆ జ్యూరీకి పెద్ద ‘లగాన్’ దర్శకుడు అశుతోష్ గోవారికర్. తెలుగు రానోళ్లకు కొంగు అంటే కింద ఇంగ్లిష్‌ల ఏముంటే అదే. మాటకు మాట పెడితే చీర ముక్క మిగుల్తది, అమ్మ పోతది. వరంగల్, కరీంనగర్‌ల చిన్న సినిమాలు తీసే తమ్ముళ్లు ఇది పట్టించుకోవాలె. పాట సబ్‌టైటిల్స్ రాత్రికి రాత్రి ఎడిటింగ్ రూంల రాయిస్తరు, పాట రాసినాయనకు కనీసం చూపియ్యరు. ఆయన పక్కన కూసోని భావం రాయించుండ్రి. ఒక్కసారికి రెండు లైన్లు మించొద్దు. పల్లవి నాలుగుసార్లు తిరిగితే నాలుగుసార్లూ వెయ్యకుండ్రి, కన్ను కిందనే ఉంటే బొమ్మ చూసేదెప్పుడు?

మిగిలినయ్ జల్ది చూద్దాం. ఉత్తమ గాయకుడు పి.వి.ఎన్.ఎస్. రోహిత్, ‘బేబీ’ల ‘ప్రేమిస్తున్నా’ పాటకు. గాయని శిల్పా రావు, ‘జవాన్’ల ‘ఛలేయా’కు. గొంతు బాగుంటది, కాకపోతే ఆమె పాడిన అన్నిట్ల ఇదే గొప్పదంటే నేను ఒప్పుకోను.

సంగీత దర్శకత్వం రెండు ముక్కలు. పాటలకు జి.వి. ప్రకాశ్ కుమార్, సినిమా తమిళ ‘వాత్తి’. మనకు ‘సార్’ పేరుతోని వచ్చింది అదే, ‘మాస్టారు మాస్టారు’ బాణీ ఇందులదే. నేపథ్య సంగీతానికి ‘యానిమల్’, హర్షవర్ధన్ రామేశ్వర్. ‘అర్జున్ రెడ్డి’కి నేపథ్య సంగీతం కొట్టింది ఈయనే. ‘యానిమల్’కు సౌండ్ డిజైన్ అవార్డు గూడ ఉన్నది, రెండూ ఒకటే అనుకోకుండ్రి. తలుపు చప్పుడు, గొడ్డలి దెబ్బ సౌండ్ డిజైన్ కిందికొస్తయ్. దాని మీద మోగే బాజా నేపథ్య సంగీతం.

నాకు కోపమొచ్చేది ఈడనే. గాయకులకు, రచయితకు ఒక్క పాట చూస్తరు. పాటల సంగీతానికి సినిమా మొత్తం చూస్తరు. అందుకే ‘ఊరు పల్లెటూరు’కు అవార్డొచ్చినా, బాణీ కట్టిన భీమ్స్ పేరు పతకం మీద ఉండదు. సినిమా మొత్తంగా చూసినా ‘వాత్తి’ కంటే ‘బలగం’ పాటలే కథల ఎక్కువ పని చేసినయని నా లెక్క.

వేడుక సంగతి రెండు ముక్కల్ల చెప్త. పాట పాడించరు, డ్యాన్సుండదు. పేరు పిలుస్తరు, పతకం, పత్రం ఇస్తరు, ఫొటో, తర్వాతి పేరు. రజత కమలంతోని 2 లక్షలు. 70వ అవార్డుల నుంచే ఈ మొత్తం పెంచిన్రు, అంతకుముందు 50 వేలే. రికామీగ కూసోని చూసే షో కావాలంటే ఇది కాదు.

ఇంకో మాట. ‘బలగం’ ఆఖర్ల జనాన్ని ఏడిపించిన ఆ కథా గానం గుర్తుందా? అది దుగ్గొండి మొగిలయ్య, కొమురమ్మలది. మొగిలయ్య 2024 డిసెంబర్‌ల పోయిండు. వాళ్లది ఉత్త పాట కాదు, కథ చెప్పుడు, పాడుడు రెండూ కలిసిన విద్య. గాయకుడు ఒకరు, గాయని ఒకరు అని గీసిన గళ్లల్ల ఆ ఆలుమగలను ఏ గడిల కూసోబెడ్తరు?