ఆరెంజ్‌కి రైమ్ ఉందా, లేదా? రైమ్ వెతికే టూల్స్ రివ్యూ

నమస్తే అండీ. ముందు ఈ నోట్‌బుక్ పేజీ చూడండి, కెమెరా దగ్గరికి పెడుతున్నా. మా అక్క కూతురిది. ఎనిమిదో తరగతి. స్కూల్లో ఇంగ్లిష్ పొయెమ్ రాసుకు రమ్మన్నారు. మొదటి లైను చివర ఏం పెట్టిందో కనపడుతోందా? ఆరెంజ్. ఇంగ్లిష్‌లో దీనికి రైమే, అంటే అంత్యప్రాసే, లేదని చాలామంది అంటుంటారు. రెండో లైను ఖాళీ, మూడోదీ ఖాళీ. కింద నారింజపండు బొమ్మ మాత్రం రంగులేసి మరీ గీసుకుంది. "మామయ్యా, దీనికి రైమ్ చెప్పవా, ఐదు నిమిషాల పనే" అంది. నాకు రెండు రాత్రులు పట్టింది. ఆ రెండు రాత్రులూ ఏమేం వాడానో, ఏది పనికొచ్చిందో, అదీ ఇవాళ్టి వీడియో.

మొదట ఒక ఏఐ చాట్‌బాట్‌ని అడిగా. పేరెందుకులెండి. పర్ఫెక్ట్ రైమ్ కావాలంటే, ఏమాత్రం తడుముకోకుండా ఛాలెంజ్ అని ఇచ్చింది. పిల్ల ఎగిరి గంతేసింది. ఆరెంజ్, ఛాలెంజ్... మన చెవికి బ్రహ్మాండంగా ఉంది కదా? ఉంటుంది మరి. మనకి చివర కలిస్తే అంత్యప్రాస అయిపోయినట్టే. మన ఛందస్సులో లఘువూ గురువూ లెక్క ఉంది, రెండో అక్షరం ప్రాస లెక్క ఉంది. పదంలో ఏ ముక్కని ఒత్తి పలికామన్న లెక్క మాత్రం లేదు. ఇంగ్లిష్ రైమ్‌కి ఆ ఒత్తే ప్రాణం. ఒత్తంటే అక్షరం కింద రాసే ఒత్తు కాదండోయ్, స్ట్రెస్.

సంగతేంటంటే, ఒత్తి పలికే అచ్చు దగ్గర్నుంచి పదం చివరిదాకా ప్రతి శబ్దమూ కలవాలి. ఆ అచ్చుకి ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి. అప్పుడే అది పర్ఫెక్ట్. ఆరెంజ్‌లో స్ట్రెస్ మొదటి అచ్చు మీదే పడుతుంది. అంటే తోక కలిస్తే చాలదు, పదం పదమంతా కలవాలి. అదే చివర పడి ఉంటే రివెంజ్, అవెంజ్ క్యూ కట్టేవి.

ఇక్కడ చిన్న పిడకలవేట. ఆరెంజ్ అన్న మాట బయల్దేరిందే మన వైపు నుంచి. మూలం ద్రావిడ భాషల్లో ఉందంటారు భాషావేత్తలు. సంస్కృతంలో నారంగ, పర్షియన్‌లో నారంగ్, అరబిక్‌లో నారంజ్, స్పానిష్‌లో నరాంజా. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌కి చేరేసరికి ముందున్న 'న' ఊడిపోయింది. మన నారింజలో అది ఇంకా భద్రంగానే ఉంది. సరే, ఊడకుండా ఉంటే ఈ పిల్ల కష్టం తీరేదా? తీరేది కాదు. అచ్చుకి ముందున్న హల్లు కలవక్కర్లేదని ఇందాకే కదా చెప్పుకున్నాం!

రెండోది రైమ్‌జోన్. వెబ్‌సైట్, డబ్బు కట్టక్కర్లేదు. రైమ్స్ వేరే, నియర్ రైమ్స్, అంటే దాదాపుగా కలిసేవి, వేరే చూసుకోవచ్చు. మామూలు పదాలకి దీన్ని మించింది నేను వాడలేదు. కానీ ఇలాంటి మొండి పదం దగ్గర జాబితా చేతికొస్తుంది తప్ప, ఏ పదం ఎక్కడ తప్పిందో మనమే పోల్చుకోవాలి. నాకు కావాల్సింది అదే.

అందుకే మూడోదాని దగ్గరికొచ్చా. సీఎంయూ ప్రొనౌన్సింగ్ డిక్షనరీ. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లది, 1,34,000 పైచిలుకు పదాలు, ఇదీ ఉచితమే. అర్థాలుండవు, ఉచ్చారణ ఒక్కటే. చూడ్డానికి కరెంటు బిల్లులా ఉంటుంది, భయపడకండి. స్క్రీన్ మీద చూడండి. ఆరెంజ్ ఎదురుగా ఏఓ1, ఆర్, ఏహెచ్0, ఎన్, జేహెచ్. ఐదే శబ్దాలు. పక్కన 1 ఉంటే అక్కడ స్ట్రెస్, 0 అంటే లేదని.

ఇప్పుడు ఛాలెంజ్ తీద్దాం. చివరి మూడూ అచ్చంగా అవే. స్ట్రెస్ ఉన్న అచ్చు మాత్రం ఏఈ1, దాని తర్వాతిది ఆర్ కాదు, ఎల్. దొరికిపోయింది దొంగ! పారిడ్జ్ అంటే జావ, అది చూడండి. పి, ఏఓ1, ఆర్, ఏహెచ్0, జేహెచ్. ఒక్క 'న్' లేదంతే. స్టోరేజ్ కూడా ఇదే బాపతు. ఇవి మంచి నియర్ రైమ్స్, నేనైతే కళ్లు మూసుకుని వాడేస్తా. డోర్ హింజ్ అని రెండు మాటలు కలిపి చెప్తారు చూశారా, అందులో మధ్యన 'హ' అడ్డమొస్తుంది, హింజ్ మీద కూడా స్ట్రెస్ పడుతుంది. ర్యాపర్ ఎమినెమ్ 2010లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఇది వాడే, ఆరెంజ్‌కి రైమ్ లేదన్నవాళ్ల నోరు మూయించాడు. ఆయన అమెరికన్ కాబట్టి చెల్లింది. బ్రిటిష్ వాళ్ల నోట డోర్‌లో అచ్చు వేరు, ఆరెంజ్‌లో అచ్చు వేరు.

బ్రిటన్ అంటే గుర్తొచ్చింది. వేల్స్‌లో అబర్‌గవెన్నీ ఊరి దగ్గర బ్లారెంజ్ అని ఒక కొండ ఉంది, 561 మీటర్లు. దానికిది పర్ఫెక్ట్ రైమ్. గోరింజ్ అని ఇంటిపేరు కూడా ఉంది. ఈజిప్టు నుంచి న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌కి రాతి స్తంభం మోయించుకొచ్చిన నేవీ ఆఫీసర్‌ది ఆ ఇంటిపేరే. అది అక్కడ నిలబడింది 1881లో. బానే ఉంది, కానీ ఎనిమిదో తరగతి పిల్ల పొయెమ్‌లోకి వేల్స్ కొండని ఎలా తోస్తామండీ?

అసలు మజా ఫారిన్ దగ్గర వచ్చింది. ఫారిన్ అంటే ఎఫ్, ఏఓ1, ఆర్, ఏహెచ్0, ఎన్. ఆరెంజ్‌లో ఉన్నవన్నీ ఉన్నాయి, చివరి 'జ్' ఒక్కటే తక్కువ. రాత్రి పన్నెండున్నరకి వెలిగింది నాకు. ఆ 'జ్' పక్క పదం నుంచి అప్పు తెచ్చుకుంటే? ఆరెంజ్ పక్కన అచ్చుతో మొదలయ్యే ముక్క, ఫారిన్ పక్కన 'జ'తో మొదలయ్యే మాట పెట్టాలి. ఆరెంజ్ ఏల్, ఫారిన్ జైల్. గట్టిగా అనండి ఒకసారి, జైల్ని ఇంగ్లిష్ వాళ్లలా జెయిల్ అనాలి. ఏల్ అంటే బీరు, పిల్లకి పనికిరాదు. అప్పుడు దొరికింది ఆరెంజేడ్, నారింజ పానీయం లెండి, దానికి జోడీ ఫారిన్ జేడ్. మొదటి అచ్చు నుంచి చివరి 'డ్' దాకా ఒక్క శబ్దం తేడా లేదు. ఇంకో లాభం, అమెరికా యాసలోనూ బ్రిటిష్ యాసలోనూ నిలబడుతుంది. రెండు చోట్లా ఆరెంజ్, ఫారిన్ పదాల మొదటి అచ్చులు కలిసే నడుస్తాయి.

కాబట్టి నా మార్కులు ఇవీ. మామూలు పదానికి రైమ్‌జోన్ చాలు. మొండి పదానికి సీఎంయూ ఫైల్ తెరిచి పదాన్ని ముక్కలు చేసి చూడండి, అది పదికి తొమ్మిది. చాట్‌బాట్‌ని అడిగితే అడగండి, ఇచ్చిన ప్రతి మాటనీ ఈ ఫైల్లో వేసి చూశాకే వాడండి.

పొయెమ్ సంగతంటారా, పొద్దున్నే జేడ్ అంటే ఏంటని అడిగింది. పచ్చరాయి అని చెప్పా. అదిగో పేజీ, మళ్లీ చూపిస్తున్నా. నారింజపండు పక్కన ఆకుపచ్చ కప్పు ఒకటి వచ్చింది, చూశారా?