మార్చిలో నోటీసు, జూన్‌లో బడ్జెట్

హలో అండీ, అందరూ బాగున్నారా. ఈసారి హెచ్1బీ కబుర్లు లేవు, స్టాక్స్ కబుర్లు లేవు. కాలిఫోర్నియాలో మన పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్లకు మార్చి వచ్చిందంటే పట్టుకునే టెన్షన్ గురించి మాట్లాడుకుందాం.

పోయినేడు మార్చిలో ఒకరోజు మా చిన్నది స్కూల్ నుంచి వచ్చి, "అమ్మా, మిస్ ఇవాళ బోర్డు మీద నిన్నటి తేదీ వేసింది, మేం చెప్పినా నవ్వలేదు" అంది. మర్నాడు తెలిసింది, లంచ్ టైమ్‌లో ఆవిడను ఆఫీసుకు పిలిచి, సంతకం పెట్టించుకుని ఒక కవరు చేతిలో పెట్టారట. అదే పింక్ స్లిప్, వచ్చే ఏడాది ఉద్యోగం ఉండకపోవచ్చని చెప్పే నోటీసు. ఆ కవరు బ్యాగులో పెట్టుకునే వచ్చి మధ్యాహ్నం భిన్నాల క్లాసు చెప్పింది.

మా పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో మాత్రం వెంటనే మొదలు: "సరిగా చెప్పట్లేదేమో, అందుకే తీసేస్తున్నారు." కాదండీ బాబూ! ఈ లేఆఫ్‌లో పనితీరు ఊసే ఉండదు, ఎక్కువగా సీనియారిటీయే చూస్తారు. జీతం మీద పనిలో చేరిన మొదటి రోజు ఏదో చూసి, వెనక వచ్చిన వాళ్లను ముందు పంపుతారు. ఒకే రోజు చేరినవాళ్లు ఇద్దరుంటే ఎవరికి ఏ క్రెడెన్షియల్స్ (ఏయే సబ్జెక్టులు చెప్పొచ్చనే లైసెన్సులు) ఉన్నాయి లాంటివి చూస్తారు, అప్పటికీ తేలకపోతే కొన్నిచోట్ల చీటీలు తీయడమే. ఇక టెంపరరీ కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకైతే ఈ తతంగం కూడా లేదు, ఏడాది చివర వద్దనుకుంటే అంతే సంగతులు.

అసలు తిరకాసు తేదీల్లో ఉంది. స్కూళ్లకు డబ్బిచ్చే రాష్ట్ర బడ్జెట్‌కు గవర్నరు జనవరి 10 లోపు ప్రతిపాదన పెడతాడు, అది అంచనా మాత్రమే. స్కూల్ జిల్లాలు, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థలు, మార్చి 15 లోపు ముందస్తు నోటీసులు ఇచ్చేయాలి, లేకపోతే వచ్చే ఏడాదికి ఆ మనిషిని తీయడం సాధారణంగా కుదరదు. గవర్నరు సవరించిన లెక్కలు, మే రివైజ్ అంటారు చూడండి, అవి మే 14 లోపు వస్తాయి. ఫైనల్ నోటీసుకు గడువు మే 15! మధ్యలో ఒక్క రాత్రి. శాసనసభ బడ్జెట్ పాస్ చేసేది జూన్ 15కి. అంటే చేతికి ఎంత వస్తుందో తెలియకముందే ఎవర్ని పంపాలో రాసిచ్చేయాలన్నమాట. దాంతో జిల్లా వాళ్లు ఎందుకైనా మంచిదని నిజంగా తీసేవాళ్లకంటే ఎక్కువమందికే ఇస్తారు. 2009 మాంద్యంలో అలా వేలమందికి వచ్చాయి, మార్చి 13న పింక్ ఫ్రైడే అని టీచర్లు గులాబీ రంగు బట్టలు వేసుకుని రోడ్డెక్కారు.

ఇందులో మనకూ వాటా ఉందండోయ్. 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రాప్ 98 అనే చట్టం ప్రకారం రాష్ట్ర జనరల్ ఫండ్‌లో, అంటే ప్రధాన ఖజానాలో, సుమారు 40 శాతం స్కూళ్లకు, కమ్యూనిటీ కాలేజీలకు వెళ్తుంది. ఆ ఫండ్‌కు పెద్ద దిక్కు ఆదాయపు పన్ను, అందులోనూ బాగా డబ్బున్నవాళ్లు కట్టేది, అంటే స్టాక్ మార్కెట్ పడితే స్కూల్ డబ్బు కూడా పడుతుంది. 2023లో తుఫాన్ల వల్ల పన్ను కట్టే గడువే నవంబరుకు జరిగింది, పన్ను లెక్క తేలకుండానే జూన్‌లో బడ్జెట్ పాస్ చేసేశారు. సిలికాన్ వ్యాలీలోని పాలో ఆల్టో లాంటి డబ్బున్న చోట్ల స్కూళ్లు ఎక్కువగా అక్కడి ఆస్తి పన్ను మీదే నడుస్తాయి కాబట్టి వాళ్లకు ఈ దెబ్బ అంతగా తగలదు, ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు అడిగేది స్కూల్ రేటింగే గానీ ఈ సంగతి కాదు.

టీచర్లే కాదు, ఎయిడ్‌లుగా (క్లాసులో టీచరుకు సాయం చేసేవాళ్లు), ఆఫీసు స్టాఫ్‌గా పనిచేసేవాళ్లకూ 2022 నుంచి ఇదే మార్చి 15 గడువు వర్తిస్తోంది. మా ఫ్రెండ్ ఒకామె, గుంటూరు పిల్ల, ప్రత్యేక అవసరాలున్న పిల్లల స్పెషల్ ఎడ్ క్లాసులో ఎయిడ్. "అక్కా, డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసిన రోజులే నయం, అప్పుడు ఉద్యోగం లేదు కాబట్టి పోతుందనే భయమూ లేదు" అంటుంది.

ప్రిన్సిపల్ మీద కోప్పడి లాభం లేదు, ఆ లిస్టు ఆయన తయారు చేసింది కాదు. ఏ పోస్టులు తగ్గించాలో స్కూల్ బోర్డు తీర్మానం చేసేది ఫిబ్రవరి, మార్చి మీటింగుల్లో. పోయినేడు నేను వెళ్లేసరికి హాల్లో సగం కుర్చీలు ఖాళీ.

మా పాప మిస్‌కు మేలో నోటీసు వెనక్కి తీసుకున్నారు. అప్పటికే ఆవిడ పక్క కౌంటీలో వేరే స్కూల్ ఉద్యోగానికి సంతకం పెట్టేసింది. ఆగస్టులో ఆ గదిలోకి కొత్తమ్మాయి వచ్చింది, సీనియారిటీ లిస్టులో ఇప్పుడు అందరికంటే కింద ఉన్నది ఆ అమ్మాయి పేరే.