స్ప్రింగు మనిషి చెలెంతానో

అందరికీ నమస్కారం.

గాయకుడు అడ్రియానో చెలెంతానోకి ఇటలీ జనం పెట్టిన ముద్దుపేరు 'ఇల్ మొల్లెజ్జాతో'. ఒంట్లో స్ప్రింగులున్నవాడని అర్థం. పాటల్లోకి రాకముందు మిలాన్‌లో గడియారాలు బాగుచేసేవాడు లెండి, స్ప్రింగులతో సావాసం పాతదే. 1961లో శాన్‌రెమో పాటల పోటీకొచ్చి, '24 వేల ముద్దులు' పాటకి ప్రేక్షకులవైపు వీపు తిప్పి నిలబడ్డాడు. పెద్దమనుషులు మండిపడ్డారు. పాటకి మాత్రం రెండో స్థానం దక్కింది. ఆ ఏడాది చివర్లోనే 'క్లాన్' పేరుతో సొంత రికార్డు కంపెనీ పెట్టేశాడు.

నన్నడిగితే ఆయన పనితనమంతా 1972 నాటి 'ప్రిసెన్‌కొలినెన్‌సినైన్‌చుసోల్'లో దొరుకుతుంది. వింటే అమెరికా పాటే అనిపిస్తుంది. అందులో 'ఓల్ రైట్' తప్ప ఒక్క మాటకీ అర్థం లేదు. ఎలా కుదిరింది? ఇటాలియన్ మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి: అమోరె, కాసా, రగాత్సో. మన ఇల్లు, చెట్టు, పాట లాగే. తెలుగుని తూర్పు దేశపు ఇటాలియన్ అన్నది అందుకేగా. ఇంగ్లీషు వాసన రావాలంటే ముందు ఆ చివరి అచ్చు తెగాలి. 'సోల్' దగ్గర చూడండి, మాట హల్లు మీదే ఠక్కున ఆగుతుంది. తర్వాత 'ర'ని అదిరించకుండా నాలుక వెనక్కి మడిచి మింగాలి. ఒక అక్షరాన్ని గట్టిగా గుద్ది, పక్కవాటిని నలిపేయాలి. కింద డ్రమ్స్ ఒకే వరసలో తిరుగుతుంటాయి, కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) కూడా ఒక్కటే. స్వరం మారితే చెవి అటు పోతుంది మరి. అనుకరించేవాళ్ళు బోల్తా పడేది ఎక్కడంటే, నాలుగు నిజం మాటలు కలుపుతారు. విన్నవాడు వెంటనే అర్థం వెతకడం మొదలుపెడతాడు, గారడీ చెడిపోతుంది.

అలాగని అర్థమున్న పాటలు చేతకాక కాదు. పుట్టిన వీధి సిమెంటుపాలైందని పాడిన 'ఇల్ రగాత్సో దెల్లా వియా గ్లుక్' 1966 శాన్‌రెమోలో మొదటి రాత్రే పోటీలోంచి ఎగిరిపోయింది. ఇవాళ పోటీ సంగతి మరిచినవాళ్ళకీ ఆ పాట గుర్తుంది. సినిమాల్లోనూ ఆడాడు. 1980లో 'ఇల్ బిస్బెతికో దొమాతో'లో ఆడవాళ్ళంటే గిట్టని రైతు వేషం జనానికి తెగ నచ్చింది.

1987లో శనివారం రాత్రుల 'ఫంతాస్తికో' టీవీ కార్యక్రమం చేతికొచ్చింది. లైవ్‌లో మాట మధ్యలో ఆపి, కెమెరాకేసి చూస్తూ ఊరుకునేవాడు. ఆ మౌనాలకే జనం అతుక్కుపోయారు. నోరు విప్పినప్పుడే చిక్కొచ్చింది. నవంబరులో రెఫరెండానికి ముందు రాత్రి, బ్యాలెట్ మీద వేటకి వ్యతిరేకంగా రాయమన్నాడు. మర్నాటి ఓటింగు వేట గురించి కాదు. పైగా బ్యాలెట్ మీద ఏం రాసినా ఆ ఓటు చెల్లదు.