ఎంత నిప్పు, ఎటునుంచి నీరు: పర్యావరణహిత ఇంటి సామగ్రిపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

పర్యావరణహితమైన ఇల్లు అనగానే ఎక్కువమంది ముందుగా అడిగేది "ఏ సామగ్రి వాడాలి?" అని. మట్టా, వెదురా, బూడిద ఇటుకా? ఏ సామగ్రి మీ ముందుకు వచ్చినా దాన్ని రెండు ప్రశ్నలు అడగండి. నువ్వు తయారు కావడానికి ఎంత నిప్పు కావాల్సి వచ్చింది? ఇంట్లో చేరాక నీ మీదికి నీరు ఎటునుంచి వస్తుంది, ఎటు పోతుంది? మొదటిది భూమి మీద పడే భారం సంగతి, రెండోది ఇంటి ఆయుష్షు సంగతి. చెమ్మ పట్టి కొన్నేళ్లకే కూల్చాల్సి వచ్చిన మట్టి ఇల్లు, తరాలపాటు నిలిచిన కాల్చిన ఇటుక ఇంటికంటే ఏ రకంగానూ మేలైనది కాదు.

నిప్పు సంగతి ముందు చూద్దాం. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. ఆ 44 కిలోలూ బట్టీలో మండిన బొగ్గు పొగ కాదు, అచ్చంగా రాయిలోంచే వచ్చినవి. సిమెంటుకూ ముడిసరుకు ఈ సున్నపురాయే, అందుకే సిమెంటు బట్టీని సౌరవిద్యుత్తుతో నడిపినా సమస్య సగం కూడా తీరదు. పైగా పొడి చేస్తే సిమెంటయ్యే ముద్దలు, అంటే క్లింకర్, తయారవ్వాలంటే దాదాపు 1450 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటుదే. ఇటుక బట్టీకి 900 నుంచి 1000 డిగ్రీలు, సున్నపు బట్టీకి 900 డిగ్రీల చుట్టుపక్కల సరిపోతుంది. సున్నంలో ఇంకో గుణం ఉంది. గోడ మీద గట్టిపడే క్రమంలో, రాయిలోంచి పోయిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగాన్ని గాలి నుంచి తిరిగి పీల్చుకుంటుంది. బట్టీలో కాల్చిన ఇంధనం పొగ మాత్రం తిరిగి రాదు.

అలాగని సిమెంటును వెలివేయమని కాదు. అది పని చేసే చోట వాడాలి, ఊరికే నింపుడు సరుకుగా పోయకూడదు. ఈ తేడా అర్థం కావడానికి స్థిరీకరించిన మట్టి దిమ్మెకంటే మంచి ఉదాహరణ లేదు. కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

కొద్దిగా సిమెంటు గానీ సున్నం గానీ కలిపిన తడి మట్టిని ప్రెస్‌లో నొక్కి, కాల్చకుండా, నీళ్లు పట్టి గట్టిపరచిన దిమ్మె ఇది. చేత్తో నడిపే సిన్వా రామ్ ప్రెస్ 1950ల్లో కొలంబియాలోని బొగోటాలో తయారైంది. ఇప్పుడు దొరికే ప్రెస్సుల్లో చాలావాటికి మూలం అదే.

పొడవు, వెడల్పు 240 మిల్లీమీటర్లు, ఎత్తు 90 ఉన్న దిమ్మె దాదాపు 10 కిలోలు తూగుతుంది. 10 మిల్లీమీటర్ల అతుకు వదిలి కడితే చదరపు మీటరు గోడకు 40 దిమ్మెలు. బరువులో 5 శాతం సిమెంటు అంటే దిమ్మెకు అర కిలో, చదరపు మీటరుకు 20 కిలోలు. 100 చదరపు మీటర్ల గోడకు 4000 దిమ్మెలు, 50 కిలోల సిమెంటు బస్తాలు 40, వదులుగా పోసిన మట్టి 30 నుంచి 35 ఘనమీటర్లు కావాలి. అతుకుల్లోని మాలుకు పట్టే సిమెంటు దీనికి అదనం. ఆ మట్టిలో చాలా భాగం మీ పునాది గుంటల్లోనే, నీటి తొట్టె తవ్వకంలోనే దొరకొచ్చు. లారీలో దూరం నుంచి తెప్పిస్తే లాభంలో కొంత డీజిల్ రూపంలో పోయినట్టే.

అయితే ప్రతి మట్టీ పనికిరాదు. వేళ్లు, కుళ్లిన ఆకులు ఉండే పైపొరను తీసి మొక్కల కోసం పక్కన పెట్టండి. కిందున్న మట్టిని గాజు సీసాలో మూడోవంతు పోసి, మిగతాది నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి పెట్టండి. ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరుతుంది. ఒండు తేరుకోవడానికి అరగంట, గంట పడుతుంది. బంకమట్టి మర్నాటికి గానీ దిగదు. పొరల మందం కొలిస్తే పాళ్లు సుమారుగా తెలుస్తాయి. సిమెంటు కలిపే దిమ్మెకు చిన్న గులక 15 శాతం, ఇసుక 50, ఒండు 15, బంక 20 శాతం దగ్గరగా ఉంటే మేలు. బంక 35 శాతానికి చేరితే సిమెంటుకు బదులు సున్నం వాడాలి. సున్నం బంకమట్టితో నేరుగా రసాయనికంగా కలుస్తుంది. సిమెంటు ప్రధానంగా ఇసుక రేణువుల్నే అతుకుతుంది, బంక ఉండలను చుట్టుకుని లోపలికి పోలేక మిగిలిపోతుంది. నల్లరేగడిలో ఎంత సిమెంటు పోసినా దిమ్మె పగలడానికి కారణం ఇదే.

సీసా పరీక్ష పాళ్లు చెబుతుంది గానీ, ఆ బంక ఎంత ఉబ్బే రకమో చెప్పదు. దానికి పెట్టె పరీక్ష ఉంది. లోపల 600 మిల్లీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 లోతు ఉన్న చెక్కపెట్టెకు నూనె రాసి, తడి మట్టిని కూరి, ఎండలో మూడు రోజులు గానీ నీడలో వారం గానీ ఆరనివ్వండి. ఎండిన మట్టిని ఒక కొసకు జరిపి ఖాళీ కొలవండి. 15 మిల్లీమీటర్లలోపు కుంచించుకుంటే 18 పాళ్ల మట్టికి ఒక పాలు సిమెంటు చాలు. 15 నుంచి 30 అయితే 16 పాళ్లకు ఒకటి, 30 నుంచి 45 అయితే 14కు ఒకటి, 45 నుంచి 60 అయితే 12కు ఒకటి. అంతకు మించితే ఇసుక కలిపి మళ్లీ చూడాలి. సిమెంటు పెంచుతూ పోవడం కంటే ఇసుక కలపడమే ఎప్పుడూ తెలివైన పని.

దిమ్మెలు చెడేది ఎక్కువగా నీటి దగ్గర. పిడికెడు మిశ్రమాన్ని గట్టిగా ముద్ద చేసి మీటరు ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. నాలుగైదు ముక్కలైతే తడి సరిపోయింది. ముద్ద చెదరకుండా చదునుగా అతుక్కుంటే నీళ్లెక్కువ, పొడిపొడిగా రాలితే తక్కువ. మట్టి, సిమెంటు పొడిగా రంగు ఒక్కటయ్యేదాకా కలిపాకే నీళ్లు చల్లాలి. తడిపిన మిశ్రమాన్ని అరగంటలో ప్రెస్‌లోకి ఎత్తేయాలి. పొద్దున్నే పెద్ద కుప్ప కలిపి మధ్యాహ్నం దాకా నొక్కుతుంటే, చివరి దిమ్మెల్లో సిమెంటు అప్పటికే గట్టిపడి ఉంటుంది. పైకి చూస్తే అన్నీ ఒకలాగే కనిపిస్తాయి, వానకు తడిశాకే తేడా తెలుస్తుంది. తీసిన దిమ్మెల్ని మొదటి రెండు రోజులు ప్లాస్టిక్ పట్టా కప్పి నీడలో ఉంచాలి, తర్వాత 28 రోజుల దాకా తడి ఆరకుండా చూడాలి. సున్నం కలిపినవైతే పూర్తి బలానికి మూడు నెలలు పడుతుంది. బలపరీక్షకు పంపేటప్పుడు 24 గంటలు నీటిలో నానబెట్టిన దిమ్మెనే పరీక్షించమనండి. పొడి దిమ్మె అంకె చూసి మురిసిపోవద్దు, తడిస్తే బలం దాదాపు సగానికి పడిపోతుంది.

కట్టేటప్పుడు మాలు దిమ్మెకంటే గట్టిగా ఉండకూడదు. ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ల ఇసుక సరిపోతుంది. మాలు గట్టిగా, దిమ్మె మెత్తగా ఉంటే గోడ కాస్త కదిలినా పగులు అతుకు వెంట పోకుండా దిమ్మెను చీల్చుకుంటూ పోతుంది. అతుకులో పగులు పూడ్చుకోవచ్చు, చీలిన దిమ్మెను మార్చడం కష్టం.

ఇక రెండో ప్రశ్న, నీరు. మట్టి గోడను వాన నేరుగా పాడుచేయడం కంటే నేల నుంచి ఎగబాకే చెమ్మ, చూరు నుంచి పడి చిమ్మే చుక్కలే ఎక్కువగా పాడుచేస్తాయి. పునాది మట్టం నేల నుంచి కనీసం 450 మిల్లీమీటర్లు లేపి, రాయితో గానీ కాల్చిన ఇటుకతో గానీ కట్టండి. దాని మీద చెమ్మను ఆపే పొర ఎక్కడా తెగకుండా గోడ మందమంతా ఉండాలి. తలుపుల దగ్గర దాన్ని తెంపేసి వదిలేయడం పని చోట్ల మామూలుగా జరిగే పొరపాటు. చూరు గోడకు 600 మిల్లీమీటర్లకు తగ్గకుండా బయటికి రావాలి. గోడ చుట్టూ నేల బయటి వైపుకు వాలి ఉండాలి.

మట్టి గోడకు సిమెంటు పూత వేయడం నా దృష్టిలో దానికి చేసే అతి పెద్ద అన్యాయం. సిమెంటు పూత గట్టిది, మట్టి గోడ మెత్తనిది. వేడికీ తేమకూ రెండూ ఒకేలా కదలవు, సన్నని పగుళ్లు వస్తాయి. వాన వాటిలోంచి లోపలికి దిగుతుంది గానీ, పూత ఆవిరిని త్వరగా వదలదు కాబట్టి బయటికి రాలేదు. గోడ లోలోపల నాని, రెండు మూడు వానాకాలాలకు పూత పలకలుగా ఊడిపడుతుంది. అప్పుడు తప్పు మట్టి మీదికి నెడతారు! ప్లాస్టిక్ రంగులు వేసినా ఇదే గతి. సున్నపు పూత అయితే ఆవిరిని వదులుతుంది.

సున్నం విరిచేటప్పుడు, అంటే కాల్చిన సున్నాన్ని నీళ్లతో కలిపేటప్పుడు, నీళ్లలోకి కాల్చిన సున్నపు గడ్డలు వేయాలి, గడ్డల మీద నీళ్లు పోయకూడదు. అది ఉడికి చిమ్ముతుంది, కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. విరిచి ముద్దయిన సున్నాన్ని నీటి కింద కనీసం మూడు వారాలు ఊరనివ్వాలి, నెలలు ఊరితే ఇంకా మంచిది. ఊరకుండా వాడితే విరగని గింజలు గోడ మీదే పొంగి, పూతలో చిన్న చిన్న గుంటలు పడతాయి. ఒక పాలు సున్నం, మూడు పాళ్ల గరుకు ఇసుక కలిపి, తడిపిన గోడ మీద పొరకు 10 నుంచి 12 మిల్లీమీటర్లు మించకుండా వేయండి. సున్నం గట్టిపడేది గాలి తగిలి, అదీ చాలా నిదానంగా. ఎండలో ఒక్కరోజులో ఎండిపోతే అది గట్టిపడినట్టు కాదు, గోరుతో గీకితే పొడి రాలుతుంది. తడి గోనెలు వేలాడదీసి వారం రోజులు నిదానంగా ఆరనివ్వాలి.

గోడలో ఇంత ఆదా చేసి స్లాబు మామూలుగా పోస్తే ఆదాలో చాలా భాగం అక్కడ పోతుంది. స్లాబు నడిమి భాగంలో కింది సగం కాంక్రీటు లాగుడు బలాన్ని మోయదు, అది కడ్డీల పని. ఆ చోట కడ్డీల మధ్య పెంకులో, తేలిక దిమ్మెలో పెట్టి పోసేదే ఫిల్లర్ స్లాబు. కాంక్రీటు 15 నుంచి 25 శాతం తగ్గుతుంది. అయితే బాల్కనీలాగా ముందుకు పొడుచుకొచ్చిన భాగంలోనూ, గోడ మీదుగా పక్క గదికి సాగే స్లాబులో ఆ గోడ దగ్గరా లాగుడు పైకి మారుతుంది, కింద నొక్కుడు పడుతుంది. అక్కడ ఫిల్లర్ పెట్టకూడదు, గట్టిగా పోయాల్సిందే. పెంకుల్ని ముందు నానబెట్టకపోతే కాంక్రీటులోని నీటిని పీల్చేస్తాయి. పోసేటప్పుడు పెంకులు జరిగి కడ్డీకి ఆనుకుంటే అక్కడ కడ్డీని కప్పే కాంక్రీటు పొర (కవర్) ఉండదు, తుప్పు మొదలవుతుంది. కొలతలు ఇంజనీరు వేసినవే ఉండాలి.

ఆ కాంక్రీటులోనూ క్లింకర్ తగ్గించవచ్చు. 35 శాతం దాకా ఫ్లై యాష్, అంటే బొగ్గు విద్యుత్ కేంద్రాల సన్నని బూడిద, కలిపిన సిమెంట్లు ఉన్నాయి. ఎల్‌సీ3 అనే కొత్త రకంలో క్లింకర్ 50 శాతమే. మిగతాది 700 నుంచి 850 డిగ్రీల దగ్గర కాల్చిన బంకమట్టి 30, కాల్చని సున్నపురాయి పొడి 15, జిప్సం 5 శాతం. కార్బన్ 30 నుంచి 40 శాతం తగ్గుతుంది. ఫ్లై యాష్ ఉన్న కాంక్రీటు బలం నిదానంగా వస్తుంది కాబట్టి సెంట్రింగ్ తీయడానికి తొందరపడకూడదు, నీళ్లు కనీసం 10 నుంచి 14 రోజులు పట్టాలి. అయిదో రోజే నీళ్లు ఆపేసే పని చోట ఈ సిమెంటు కొనడం దండగ.

వెదురు గురించి క్లుప్తంగా. మూడు నుంచి అయిదేళ్లు ముదిరిన బొంగులే వాడాలి. లేతదానిలో పిండిపదార్థం ఎక్కువ, పురుగుకు అదే తిండి. కోసిన కొద్ది రోజుల్లోనే బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణంలో నానబెట్టాలి. ఈ మందు నీళ్లలో కరిగిపోతుంది గనక శుద్ధి చేసిన వెదురుకూ వాన తగలకూడదు, నేల తగలకూడదు. స్తంభం అడుగు రాతి దిమ్మె మీద 300 మిల్లీమీటర్లు పైన ఉండాలి. మేకు కొడితే చీలుతుంది, రంధ్రం చేసి బోల్టు బిగించాలి. బోల్టు పడే కణుపు మధ్య బోలును మాలుతో నింపాలి.

మట్టి ఇల్లు ఎక్కడైనా చల్లగా ఉంటుందనేది సగం నిజం. మట్టి గోడ వేడిని అడ్డుకోదు, దాచుకుని ఆలస్యంగా వదులుతుంది. పగలు, రాత్రి ఉష్ణోగ్రతల మధ్య 10 డిగ్రీలకు పైగా తేడా ఉండే చోట అది వరం. రాత్రిళ్లు కూడా ఉక్కపోసే చోట మందపాటి గోడ పడుకునే వేళకు వేడి వదలడం మొదలెడుతుంది. అక్కడ పలుచని గోడలు, నీడ, ఎదురెదురు కిటికీలు మేలు. బాగా చలి ఉండే చోట మట్టికి బయటి వైపు గడ్డి లాంటి ఉష్ణనిరోధక పొర కావాలి. ఆ గడ్డిలో కూడా తేమ ఎక్కువైతే బూజు పడుతుంది. ఇంటి పొడవు తూర్పు పడమరలుగా పెట్టి, పడమటి గోడకు కిటికీలు తగ్గించడానికి మాత్రం పైసా ఖర్చు లేదు.

చివరగా, కరెంటు పైపులు, నీటి గొట్టాలు ఎక్కడ పోతాయో దిమ్మెలు నొక్కకముందే డ్రాయింగులో తేల్చండి. మట్టి దిమ్మె గోడను తర్వాత కట్టర్‌తో గాడి కోస్తే అంచులు రాలి, ఆ గాడిని పూడ్చడానికి మళ్లీ సిమెంటే వాడాల్సి వస్తుంది. ప్రెస్‌లో అచ్చు మార్చి మధ్యలో రంధ్రం ఉన్న దిమ్మెలు కావాల్సినన్ని ముందే తీసిపెట్టుకుంటే పైపులు వాటిలోంచే పైకి పోతాయి. నీటి గొట్టాలను మాత్రం గోడలో పాతొద్దు. బయటికి కనపడేలా క్లాంపులతో బిగిస్తే, కారినప్పుడు కారిన చోటే కనిపిస్తుంది.