పీఎం సూర్యఘర్ సబ్సిడీ రివ్యూ: హైదరాబాద్ ఇంటికి 3 కిలోవాట్ల సోలార్ గిట్టుబాటేనా?

నమస్కారం అండీ. ఈసారి రివ్యూ ఫోనుది కాదు, ఫ్రిజ్‌ది కాదు, ఒక ప్రభుత్వ పథకానిది. పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన. డాబా మీద సోలార్ పెట్టుకుంటే కేంద్రం 78,000 రూపాయల దాకా ఇస్తుంది అని రోజూ ఫోనులో ప్రకటనలు వస్తూనే ఉన్నాయి కదా, అదే. డబ్బులు వస్తాయా అంటే వస్తాయి, అందులో డౌట్ లేదు. హైదరాబాద్‌లో మన కరెంటు రేట్లతో, మన డాబాల మీద ఇది ఎవరికి గిట్టుతుంది, ఎవరికి గిట్టదు అన్నదే చూడాలి.

తొందరలో ఉన్నవాళ్ల కోసం నా తీర్పు ముందే చెప్పేస్తా. సొంత ఇల్లు ఉండి, ఏడాది పొడుగునా నెలకి 300 యూనిట్ల చుట్టుపక్కల కాలుతుంటే పెట్టించుకోండి. 200 లోపే ఉంటే ఇప్పుడే ఆ జోలికి వెళ్లొద్దు. ఎవరైనా సరే, సోలార్ వాళ్లకి ఫోన్ చేసే ముందు ఫ్యాన్లు మార్చండి. ఫ్యాన్లేంటి అంటారా, వస్తున్నా.

ముందు బిల్లు చేతిలోకి తీసుకోండి. మన దగ్గర 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకి యూనిట్ 3 రూపాయల 40 పైసలు, రెండో వందకి 4.80. అంటే సరిగ్గా 200 కాలిస్తే 820 రూపాయలు. అదే 201 అయిందనుకోండి, మీరు వేరే కేటగిరీలోకి వెళ్లిపోతారు. మొదటి 200కి కూడా 5.10 చొప్పున వేస్తారు, ఆ పైన ఒక్క యూనిట్‌కి 7.70. మొత్తం 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కి 200 రూపాయల పైన తేడా! ఇందులో ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు కలపలేదు, ఉత్త ఎనర్జీ చార్జీలే. ఇక 300 దాటితే యూనిట్ 9 రూపాయలు, 400 దాటితే 9.50.

దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? ఎక్కువ వాడేవాళ్లు తగ్గించే మొదటి యూనిట్లే అన్నిటికంటే ఖరీదైనవి. పై నుంచి కోసుకుంటూ వస్తాం కాబట్టి 9.50ది ముందు పోతుంది, తర్వాత 9ది, తర్వాత 7.70ది. ఇక గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్నవాళ్లకి లెక్కే వేరు. 2024 మార్చి నుంచి వాళ్లకి ఆ బిల్లు లేనే లేదు. లేని బిల్లుని సోలార్ ఎలా తగ్గిస్తుంది చెప్పండి? ఆ ఇళ్లకి కూడా వెళ్లి సోలార్ అమ్ముతున్నారంటే నాకు నవ్వు రాదు, కోపం వస్తుంది.

ఉదాహరణకి మా బాబాయి వాళ్ల ఇల్లు తీసుకుందాం. నాగోల్‌లో గ్రౌండ్ ప్లస్ వన్, వాళ్లుండేది పైన. మే నెలలో 450 యూనిట్లు. ఎనర్జీ చార్జీలే 3,165 రూపాయలు. సోలార్ ఏజెంట్ వచ్చి ఆ ఒక్క బిల్లు చూసి, 'సార్, మీకు 5 కిలోవాట్లు పడుతుంది' అని కోట్ రాసిచ్చాడు. బాబాయి నాకు ఫోన్ చేసి, 'ఏరా, 78,000 ఇస్తారట, పెట్టించెయ్యమంటావా?' అన్నాడు. నేనన్నా, 'బాబాయ్, వాళ్లు 3 కిలోవాట్లకీ 78,000 ఇస్తారు, 5 కిలోవాట్లకీ అంతే ఇస్తారు. ఆ పై రెండూ పూర్తిగా మన జేబులోంచే.'

సబ్సిడీ లెక్క ఇదీ. మొదటి 2 కిలోవాట్లకి కిలోవాట్‌కి 30,000 చొప్పున 60,000. మూడో కిలోవాట్‌కి 18,000. మొత్తం 78,000, అక్కడితో ఆగిపోతుంది. నాలుగో కిలోవాట్ నుంచి సున్నా. అందుకే నేననేది, మన అవసరాన్నే 3 కిలోవాట్లలోకి దింపుకోవాలి. ఒక కిలోవాట్ సగటున రోజుకి 4 యూనిట్ల దాకా ఇస్తుంది. వానాకాలం, దుమ్ము అన్నీ లెక్కేసి 3 కిలోవాట్లకి నెలకి 300 యూనిట్లు అనుకుందాం. ఇల్లు ఆ 300కి దగ్గరకి రావాలి.

ఎలా వస్తుంది? ఇక్కడే ఫ్యాన్లు. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్నది) 30 చుట్టుపక్కల. తేడా 45 వాట్లు, చూడ్డానికి చిన్నదే. కానీ మన ఇళ్లలో హాలు ఫ్యాన్, బెడ్‌రూమ్ ఫ్యాన్ ఎప్పుడు ఆగుతాయి చెప్పండి? రోజుకి 15 గంటలు తిరిగే ఫ్యాన్ మారిస్తే నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. అలాంటివి మూడుంటే 60. ఫ్యాన్ ధర 3,000 అటూ ఇటూ. బాబాయి వాళ్లలా మేలో 9 రూపాయల పైన కట్టే ఇంట్లో మూడు ఫ్యాన్లూ కలిసి ఆ నెల 550 దాకా మిగులుస్తాయి. దీనికి సబ్సిడీ లేదు, అప్లికేషన్ లేదు, ఆఫీసుల చుట్టూ తిరిగే పనీ లేదు. కాకపోతే పాత రెగ్యులేటర్ తీసేసి రిమోట్‌తో వాడాలి. ఆ రిమోట్ సోఫా సందుల్లో పోతుంది, అదొక్కటే బాధ.

రెండోది ఏసీ. బాబాయి 20లో పెట్టి దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ చెబుతుంది. 2020 జనవరి నుంచి వచ్చే ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్న రూలు కూడా అందుకే. రాత్రి 8 గంటలు నడిచే ఒకటిన్నర టన్ను ఏసీని 20 నుంచి 24కి తెస్తే నెలకి 60 యూనిట్ల దాకా తగ్గొచ్చు. ఫ్యాన్లవి 60, ఇవి 60. అప్పుడు 450 కాస్తా 330. బిల్లు 3,165 నుంచి 2,060కి దిగుతుంది. ఇంకా సోలార్ ఊసే ఎత్తలేదు, చూశారా!

మూడోది డాబా. పై అంతస్తులో ఉండేవాళ్లకి తెలుసు, ఏప్రిల్ రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది. పగలంతా తాగిన ఎండని కాంక్రీటు రాత్రికి ఇంట్లోకి వదులుతుంది. తెల్లటి కూల్ రూఫ్ పెయింటు గానీ, తెల్ల టైల్స్ గానీ వేస్తే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 2028 వరకు. మొత్తం 300 చదరపు కిలోమీటర్ల పైకప్పు చల్లబరచాలని లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌లోనే. 600 గజాలు, ఆ పైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్లకి తప్పనిసరి అన్నారు. అంతకంటే చిన్న ఇళ్లకి మన ఇష్టం. సోలార్ పెట్టాలనుకుంటే మాత్రం ఈ పెయింటు, వాటర్‌ప్రూఫింగ్ రెండూ ముందే చేయించండి. స్టాండ్లు బిగించాక వాటి కింద దూరి బ్రష్ వేయడం ఎవరి తరం కాదు. పైగా ప్యానెల్ నీడ పడ్డ చోట డాబా ఎలాగూ చల్లబడుతుంది, అది ఉచితం.

ఇక పథకం నడిచే తీరు. అప్లికేషన్ నేషనల్ పోర్టల్‌లో, మీ కరెంటు బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబర్‌తో. మన డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) టీజీఎస్‌పీడీసీఎల్. 10 కిలోవాట్ల లోపు సిస్టమ్‌కి సాంకేతిక సాధ్యత పరిశీలన అక్కర్లేకుండానే అంగీకారం వచ్చినట్టే లెక్క. రిజిస్టర్ అయిన వెండర్‌నే ఎంచుకోవాలి. వాళ్లు బిగిస్తారు, డిస్కం వాళ్లు వచ్చి చూసి నెట్ మీటర్ (మీరు వాడిన కరెంటు, బయటి లైనుకి పంపిన కరెంటు రెండూ లెక్కేసేది) పెడతారు, ఆ తర్వాతే సబ్సిడీ నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంటే మొదట మొత్తం డబ్బు మీరే పెట్టుకోవాలి. చేతిలో లేకపోతే 3 కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా, తక్కువ వడ్డీకి బ్యాంకులు లోన్ ఇస్తాయి. పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా ఉంది.

మన ఇళ్లలో బండి ఆగేది ఒక చోట. మీటర్ ఎవరి పేరు మీద ఉంది? సగం ఇళ్లలో కాలం చేసిన తాతగారి పేరు మీదే ఉంటుంది. ముందు పేరు మార్పిడి చేయించుకోండి. మధ్యలో గుర్తొస్తే టెన్షన్ మామూలుగా ఉండదు.

కోట్ చదివేటప్పుడు డీసీఆర్ అనే మూడు అక్షరాలు వెతకండి. భారతదేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెల్స్ అని అర్థం. అవి పెడితేనే సబ్సిడీ. డీసీఆర్ కానివి చవక కాబట్టి కొందరు తక్కువ ధర చూపించి, సబ్సిడీ సంగతి చిన్న అక్షరాల్లో దాచేస్తారు. కొందరైతే 78,000 ముందే తీసేసి పెద్ద అక్షరాల్లో రేటు వేస్తారు. మీరు అడగాల్సింది సబ్సిడీకి ముందు మొత్తం ఎంత, జీఎస్టీతో కలిపి ఎంత, స్టాండ్ ఎత్తు ఎంత. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత కోట్ పట్టుకుని వస్తే కొత్తది రాయమనండి. 5 ఏళ్ల మెయింటెనెన్స్ వెండర్‌దే బాధ్యత, అది కూడా కాగితం మీద ఉండాలి.

స్టాండ్ ఎత్తు ఎందుకు అడగమన్నానంటే, మా పిన్ని. అందరం కిలోవాట్లు, యూనిట్లు అని కొట్టుకుంటుంటే ఆవిడ ఒక్కటే అడిగింది, 'మరి వడియాలు ఎక్కడ పెట్టుకోవాలి?' నూటికి నూరుపాళ్లూ సరైన ప్రశ్న. కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగులు, 3 కిలోవాట్లకి 300 కావాలి, అదీ నీడ పడని చోటు. చాలా ఇళ్లలో డాబా మీద మిగిలేదే అంత. మనిషి నిలబడి నడిచేంత ఎత్తులో స్టాండ్ కట్టిస్తే కింద బట్టలు ఆరేసుకోవచ్చు, వడియాలు ఓ పక్కకి పెట్టుకోవచ్చు. ఇనుము ఎక్కువ పడుతుంది, ఖర్చూ పెరుగుతుంది, గాలికి తట్టుకునేలా పునాది గట్టిగా ఉండాలి. నన్నడిగితే ఆ డబ్బు పెట్టడమే మంచిది.

ప్యానెల్స్ దక్షిణం వైపు వాలి ఉండాలి. వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి మెట్ల గది నీడ ఎక్కడ పడుతుందో పొద్దున్నే, సాయంత్రం మీరే డాబా ఎక్కి చూసుకోండి. వరసలో ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా మిగతావాటి ఉత్పత్తి కూడా తగ్గొచ్చు.

చాలామంది నిరాశపడేది ఎక్కడో చెప్తా. కరెంటు పోతే సోలార్ కూడా పోతుంది! మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతుంటే ఇంట్లో ఫ్యాన్ తిరగదు. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా, గ్రిడ్‌లో కరెంటు లేనప్పుడు ఈ సోలార్ ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) తనంతట తానే ఆగిపోతుంది. అది లోపం కాదు, అలా ఆగాలి కూడా. బ్యాకప్ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. ఏజెంట్లు ఈ మాట అడిగితే తప్ప చెప్పరు.

ఎండ ఎక్కువైతే కరెంటు కూడా ఎక్కువ అనుకుంటాం. కానీ ప్యానెల్ వేడెక్కేకొద్దీ దాని సామర్థ్యం కొంచెం కొంచెంగా పడిపోతుంది. కాబట్టి మే నెల ఎండ చూసి మరీ ఆశపడకండి. జూలైలో మబ్బులకి ఇంకా తగ్గుతుంది. దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు, పక్కన అపార్ట్‌మెంట్ కడుతుంటే ఇంకా ఘోరం. కడగడానికి బోరు నీళ్లు వాడి అలాగే వదిలేస్తే తెల్లటి ఉప్పు మరకలు పడతాయి. మంజీర నీళ్లతో (అంటే కుళాయి నీళ్లతో), పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు కడిగి తుడవండి.

మరి గిట్టుబాటు? కోట్ 1,90,000 అనుకుందాం, సబ్సిడీ పోను 1,12,000. ఫ్యాన్లు, ఏసీ సర్దుకున్నాక బాబాయి ఇంట్లో ఏడాది సగటు నెలకి 270 యూనిట్లు, అంటే 1,559 రూపాయలు. సోలార్ దీన్నంతా తీసేస్తుందనుకుంటే ఏడాదికి 18,000 పైన మిగులు. ఆరేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. ప్యానెల్స్‌కి పాతికేళ్ల పనితీరు వారంటీ ఉంటుంది. ఇన్వర్టర్ అంతకాలం రాదు, మధ్యలో ఒకసారి మార్చాల్సి రావచ్చు. అదే నెలకి 180 యూనిట్ల ఇల్లయితే బిల్లే 724 రూపాయలు. అక్కడ 2 కిలోవాట్లు పెట్టినా సబ్సిడీ పోను మీ చేతి నుంచి 70,000 పడితే ఎనిమిదేళ్లు పడుతుంది. ఆ ఇంటికి ఫ్యాన్లు చాలు.

ఫ్లాట్లలో ఉన్నవాళ్లు 'మా సంగతేంటి' అంటారు. డాబా అందరిదీ కాబట్టి ఒక్కరే పెట్టుకోవడం కష్టం. కానీ సొసైటీ పేరు మీద లిఫ్టు, మోటారు, కారిడార్ లైట్ల కోసం పెట్టుకుంటే కిలోవాట్‌కి 18,000 చొప్పున వస్తుంది. కామన్ కరెంటు బిల్లుకి నెలనెలా మెయింటెనెన్స్ వసూలు చేసే ప్రతి అపార్ట్‌మెంట్ ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. టెక్నికల్‌గా ఇది తేలికైన పనే. మీటింగ్‌లో అందరి చేతా సరే అనిపించడమే అసలు ప్రాజెక్టు.

మీ ఇంటికి ఎన్ని కిలోవాట్లు కావాలో చెప్పమంటే కింద కామెంట్‌లో మే నెల యూనిట్లు, డిసెంబర్ యూనిట్లు రెండూ పెట్టండి, ఒక్క మే నెలవే పెడితే నేనూ ఆ ఏజెంట్ లాగే 5 కిలోవాట్లు అంటాను. బిల్లు ఫోటో మాత్రం పెట్టకండి, దాని మీద మీ పేరు, అడ్రసు, యూఎస్‌సీ నంబర్ అన్నీ ఉంటాయి.