ఇద్దరు నేతగాళ్ళ సాక్ష్యం

సభకు నమస్కారం.

శనివారం పని చెయ్యొద్దని యూదుల పవిత్ర గ్రంథం తోరాలో ఉంది. సరే, ఏది పని? తాడు ముడి వేస్తే పనేనా? రెండు అక్షరాలు రాస్తే? ఆ జాబితా తోరాలో ఎక్కడా లేదు. గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి చేరిన బోధలో ఉంది. అలాంటి పనులు 39 అని పేరుపేరునా చెబుతుంది. దాన్నే నోటి తోరా అంటారు.

మన దగ్గర వేదాన్నే నోటితో నిలబెట్టారు. యూదులు తోరాను తోలు చుట్టల మీద రాసుకుని, దాన్ని ఎలా ఆచరించాలో చెప్పే మాటను మాత్రం నోటికి వదిలారు. రాసి ఉన్నదాన్ని చూడకుండా చెప్పకూడదు, నోటితో అందినదాన్ని రాయకూడదు అని, ఆ బోధను తర్వాతి తరాలు చర్చించిన గ్రంథం తాల్ముద్‌లో ఒక మాట ఉంది. ఆ నోటి బోధను చివరికి కూర్చిన సంకలనం పేరు 'మిష్నా'. ఆ పేరు కూడా మళ్ళీ మళ్ళీ చెప్పడం అనే అర్థం నుంచే వచ్చింది. మన భాషలో అది వల్లెవేతే. పెరేదా అనే గురువు ఒక శిష్యుడికి ప్రతి పాఠమూ 400 సార్లు చెప్పేవాడని తాల్ముద్ చెబుతుంది.

నాకు బాగా ఇష్టమైన చోటు ఒకటుంది. శుద్ధిస్నానం చేసే కొలను వాన నీళ్ళతోనో ఊట నీళ్ళతోనో నిండాలి. అందులో పాత్రతో తోడిన నీళ్ళు ఎన్ని పడితే అది పనికిరాకుండా పోతుంది? హిల్లెల్ ఒక హిన్ అన్నాడు. అంటే 12 లోగ్‌లు. లోగ్ అప్పట్లో నీళ్ళు కొలిచే చిన్న కొలత. హిన్ అప్పటి వాడుక మాట కాదు, పాత మాట. కానీ గురువు ఏ మాటతో చెప్పాడో ఆ మాటతోనే చెప్పాలి కదా, అందుకే అలా అన్నాడు. షమ్మాయ్ 9 కావ్‌లు అన్నాడు. అది 36 లోగ్‌లు. ఇద్దరూ మహాపండితులు, లెక్క మాత్రం కుదరలేదు. అప్పుడు యెరూషలేము పెంటగుమ్మం దగ్గర నుంచి ఇద్దరు నేతగాళ్ళు వచ్చారు. షెమయా, అవ్తల్యోన్ మూడు లోగ్‌లని చెప్పారని సాక్ష్యం ఇచ్చారు. ఆ షెమయా, అవ్తల్యోన్ ఎవరనుకున్నారు? హిల్లెల్‌కీ షమ్మాయ్‌కీ గురువులే! పండితులు నేతగాళ్ళ మాటకే తల ఊపారు. మరి ఓడిపోయిన ఆ రెండు లెక్కల్ని ఎందుకు ఉంచారు? అంతటి పెద్దలే తమ మాట మీద పట్టుపట్టలేదని తర్వాతి తరాలకు తెలియాలని. ఈ కారణం మిష్నాలోనే ఉంది.

ఇలా మనుషుల మీద నడిచే చదువుకు మనుషులు పోతే ముప్పు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేములోని యూదుల దేవాలయాన్ని కూల్చారు. యోహనన్ బెన్ జక్కాయ్ అనే గురువు యావ్నె అనే ఊళ్ళో పండితుల్ని కూడగట్టాడు. రోమన్ల మీద యూదులు చేసిన 132–135 తిరుగుబాటు తర్వాత యూదయ ఊళ్ళు పాడుపడ్డాయి, అకీవా లాంటి గురువు రోమన్ల చేతిలో చనిపోయాడు. ఎవరి గుండెలో ఏ పాఠం ఉందో, అది ఎప్పుడు పోతుందో అన్న టెన్షన్ ఎంత ఉండి ఉంటుందో ఊహించండి. చివరికి 200 ప్రాంతంలో గలిలయలో యెహూదా హనాసీ అంతా ఏరి, కూర్చి, ఆరు భాగాల మిష్నాగా నిలబెట్టాడు.

ఆయన దాన్ని కలంతో రాశాడా, లేక పాఠం స్థిరపరిచి కంఠస్థం చేయించాడా? పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. 987లో ఉత్తర ఆఫ్రికాలోని కైరవాన్ యూదులు మిష్నా ఎలా రాశారని బాబిలోనియాలోని విద్యాపీఠం పెద్ద షెరీరా గావోన్‌ను అడిగారు. ఆయన రాసిన జవాబు రెండు రకాల ప్రతులుగా మిగిలింది. ఒకదాని ప్రకారం యెహూదా మిష్నాను రాశాడు, ఇంకోదాని ప్రకారం రాయలేదు. రాతలో దొరికిన జవాబే ఇలా చీలిపోయింది చూడండి!

రాసినా అది మాట్లాడుతున్నట్టే ఉంటుంది. మిష్నా మొదలయ్యేదే ప్రశ్నతో: సాయంత్రం షెమా ప్రార్థన ఎప్పటి నుంచి చదవాలి? షెమా అంటే ఏమిటో చెప్పదు, వినేవాడికి తెలుసు కాబట్టి. ఎప్పటిదాకా చదవొచ్చు? రాత్రి మొదటి జాము అయ్యేదాకా అని ఒకరు, అర్ధరాత్రి దాకా అని పండితులు, తెల్లవారేదాకా అని గమలియేలు అనే గురువు. ఆ వెంటనే ఒక ఇంటి ముచ్చట. గమలియేలు కొడుకులు విందు నుంచి బాగా ఆలస్యంగా వచ్చి, "మేమింకా షెమా చదవలేదు" అన్నారు. "తెల్లవారలేదు కదా, అయితే చదవాల్సిందే" అన్నాడు తండ్రి.