పోలీసులు వాడేసిన గ్లాక్ 22: పిస్టల్‌కి మార్కులు వేశా, మ్యాగజీన్లకు వేయలేను

నమస్తే అండీ. చేతిలో ఉన్నది చూసి చాలామంది ఈపాటికి గుర్తుపట్టేసి ఉంటారు. గ్లాక్ 22, మూడో జనరేషన్, ఫార్టీ క్యాలిబర్, అంటే తూటా మందం సుమారు 0.40 అంగుళం. కొత్తది కాదు. అమెరికాలో ఒక పోలీసు డిపార్ట్‌మెంట్ కొత్త పిస్టళ్లు కొనేటప్పుడు పాతవాటిని ఎక్స్చేంజ్‌లో ఇచ్చేస్తే, అక్కడి నుంచి అమ్మకానికి వచ్చిన సరుకు ఇది. ట్రేడ్-ఇన్ అంటారు.

ముందు లెక్క తేల్చేస్తా. దీన్ని ఒక డీలర్ రివ్యూ కోసం పంపాడు. నచ్చితే డబ్బు కట్టి ఉంచుకోవచ్చు, నచ్చకపోతే వెనక్కి పంపాలి. వీడియోకి పైసా ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో చెప్పలేదు. లైసెన్స్ ఉన్న దుకాణానికి వచ్చి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాకే నా చేతికి అందింది. కింద డిస్కౌంట్ కోడ్ లేదు, వెతక్కండి.

బరువు, పొడవు, బ్యారెల్ కొలతలు చదివి వినిపించను. అవి ఎక్కడైనా దొరుకుతాయి. కామెంట్లలో మీరు అడిగేది వేరే ప్రశ్న. "కొత్తది, మంచిది కొనేంత డబ్బు లేదు. చవకదో సెకండ్ హ్యాండ్‌దో తీసుకుంటే, అర్ధరాత్రి తలుపు పగలగొట్టినప్పుడు పేలుతుందా, లేదా?" ఇవాళ దాని గురించే మాట్లాడతా.

అసలు ఇంత మంచి పిస్టల్ ఇంత చవగ్గా ఎందుకు వస్తోంది? దాని వెనక ఒక కథ ఉంది. 1986లో మయామీలో ఇద్దరు దోపిడీ దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. తమ 9 ఎం.ఎం. తూటా తగినంత లోపలికి దిగలేదని ఎఫ్‌బీఐ తేల్చుకుంది. ఇంకా బలమైన తూటా కోసం వెతుకులాట మొదలైంది. ముందు 10 ఎం.ఎం. వైపు చూశారు, 1990లో ఫార్టీ క్యాలిబర్ మార్కెట్‌లోకి వచ్చింది. పోలీసు డిపార్ట్‌మెంట్లన్నీ దాని వెంట పడ్డాయి, 1997లో ఎఫ్‌బీఐ కూడా గ్లాక్ ఫార్టీ తీసుకుంది. తర్వాత ఏమైందంటే 9 ఎం.ఎం. తూటాల తయారీ బాగా మెరుగుపడింది. చేతికి తగిలే దెబ్బ తక్కువ, మ్యాగజీన్‌లో, అంటే తూటాలు నింపే డబ్బాలో, ఎక్కువ పడతాయి, ప్రాక్టీసు ఖర్చు తక్కువ. 2016లో ఎఫ్‌బీఐ మళ్లీ 9 ఎం.ఎం. పిస్టళ్లకే కాంట్రాక్టు ఇచ్చింది. ఎఫ్‌బీఐ మారితే మిగతావాళ్లు ఆగుతారా? అలా పోలీసుల ఫార్టీలన్నీ సెకండ్ హ్యాండ్ బజారులో వచ్చి పడ్డాయి. అంటే దీని ధర పడిపోయింది పిస్టల్ చెడిపోయి కాదు, ఫ్యాషన్ మారిపోయి.

ఇప్పుడు దగ్గరగా చూపిస్తా. ఒక్క నిమిషం. మ్యాగజీన్ తీసేశా. స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం, వెనక్కి లాగి ఆపా. ఛాంబర్‌లోకి, అంటే పేలేముందు తూటా కూర్చునే చోటికి, కంటితో చూశా, తర్వాత చిటికెన వేలు పెట్టి చూశా. మీరూ చూడండి, ఖాళీ. గ్లాక్‌లో నాకు మొదటి నుంచీ నచ్చని సంగతి ఒకటుంది. విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి. ఖాళీ అనుకుని నొక్కి, గోడలో తూటా దింపినవాళ్లున్నారు. అంతకన్నా ఘోరాలూ జరిగాయి. కాబట్టి సెకండ్ హ్యాండ్ కౌంటర్ దగ్గర ఎవరైనా "ఖాళీయే సార్" అంటూ చేతికిచ్చినా సరే, మీ కళ్లతో చూసుకున్నాకే ట్రిగ్గర్ మీద వేలు పెట్టండి.

స్లైడ్ అంచులు చూడండి. ముందు వైపు నలుపు పోయి లోహం మెరుస్తోంది. హోల్‌స్టర్‌లో, అంటే తుపాకీ ఒరలో, పెట్టి తీసి, పెట్టి తీసి అరిగింది. దీన్ని చూసి బేరం మానేసేవాళ్లుంటారు. నేనైతే సంతోషిస్తా. పోలీసు తుపాకీ ఎక్కువ కాలం నడుముకి వేలాడుతుంది, ఏడాదికి కొన్నిసార్లు కాల్పుల ప్రాక్టీసు చేసే రేంజ్‌లో పేలుతుంది. బయట గీతలు, లోపల కొత్తదనం. ఇదిగో బ్యారెల్. లైటు పెట్టి చూస్తే లోపల గాడులు శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడైనా నల్లటి వలయంలా కనిపిస్తే, అంటే ఒకచోట ఉబ్బినట్టుంటే, ఆ తుపాకీని అక్కడే వదిలేసి రండి. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం, ఇది, పేలిన గుల్లను పట్టి బయటికి లాగే ముక్క. దీని అంచు విరగలేదు. స్లైడ్ నడిచే పట్టాలు సమంగా అరిగాయి. ఇక్కడిదాకా పదికి తొమ్మిది.

సైట్ల దగ్గర, అంటే గురి చూసే చుక్కల దగ్గర, ఒక మార్కు తగ్గించా. రాత్రి వెలిగే ట్రిటియం సైట్లు ఇవి. ట్రిటియం అనే రేడియోధార్మిక వాయువు సుమారు 12.3 ఏళ్లకు సగం అయిపోతుంది. పాత పిస్టల్ అంటే ఆ వెలుగు సగమో, సగంలో సగమో అయిపోయి ఉంటుంది. గదిలో లైటు ఆపి చూశా. వెనక రెండు చుక్కలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి, ముందుది పూర్తిగా ఆరిపోయింది. సైట్లు మార్చుకోవచ్చు, పెద్ద పని కాదు.

సరే, ఇక అసలు విషయానికి వస్తా. మ్యాగజీన్లు. దీంతో మూడు మ్యాగజీన్లు వచ్చాయి. రెండు గ్లాక్ సొంతవి, పాతవి. మూడోది వేరే ఎవరో తయారుచేసింది. పేరు చెప్పను, ఎందుకంటే అది ఎన్నేళ్లు, ఎవరి చేతిలో ఎలా నలిగిందో తెలియకుండా కంపెనీ మీద పడటం న్యాయం కాదు.

రేంజ్‌లో మొదటి మ్యాగజీన్ ఏ గొడవా లేకుండా ఖాళీ అయింది. రెండోది కూడా తూటాలన్నీ పేల్చింది, కానీ ఆఖరి తూటా తర్వాత స్లైడ్ వెనక ఆగాలి కదా, ఆగలేదు. ముందుకొచ్చి మూసుకుంది. అంటే తుపాకీ ఖాళీ అని మీకు తెలియదు, మీరు ఇంకోసారి నొక్కుతారు, క్లిక్ అంటుంది. ఇంట్లో ఎవడో ఎదురుగా ఉన్నప్పుడు వినాల్సిన శబ్దం కాదది. ఇక మూడోది ఎక్కించా. కొన్ని పేలాయి. తర్వాత తూటా ముక్కు కిందికి వాలి, ఛాంబర్‌లోకి ఎక్కించే వాలు, అంటే ర్యాంపు, ఎక్కకుండా ఇరుక్కుపోయింది. తీశా, సరిచేశా. మళ్లీ అదే. ఈసారి స్లైడ్ సగంలో నిలబడింది, తూటా వంకరగా లోపల. మామూలుగా పక్కనున్నవాళ్లు ఇక్కడే ఏమంటారో తెలుసా? "సెకండ్ హ్యాండ్ పిస్టల్ కదా, అంతే మరి."

పిస్టల్‌ది ఏం తప్పండీ? అదే పిస్టల్‌లో మొదటి మ్యాగజీన్ పెడితే మళ్లీ గడగడా పేలింది. ఇక్కడే నాకు ఒళ్లు మండేది. కొనేటప్పుడు బ్యారెల్‌లోకి టార్చి వేసి అరగంట చూస్తారు, మ్యాగజీన్‌ని మాత్రం తిప్పి చూడరు. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో తూటా ఏ ఎత్తులో, ఏ కోణంలో, ఏ వేగంతో స్లైడ్ ముందుకి రావాలో నిర్ణయించేది ఈ రేకు డబ్బానే. స్లైడ్ రెప్పపాటులో వెనక్కి వెళ్లి వస్తుంది. ఆలోపు కింద స్ప్రింగ్ తర్వాతి తూటాని పైకి నెట్టేయాలి. స్ప్రింగ్ నీరసపడితే తూటా ఆలస్యంగా లేస్తుంది, స్లైడ్ దాన్ని సగంలో గుద్దుతుంది లేదా మిస్సయి ఖాళీగా మూసుకుంటుంది. ఫార్టీలో ఇది ఇంకా ఎక్కువ. దెబ్బ గట్టిది, స్లైడ్ వేగం ఎక్కువ, స్ప్రింగ్‌కి దొరికే సమయం తక్కువ.

ఈ మూడోదాన్ని విప్పి చూపిస్తా. అడుగు పలక జరిపా, జాగ్రత్త, స్ప్రింగ్ కంట్లోకి ఎగిరిపడుతుంది. ఇదిగో స్ప్రింగ్. పక్కన కొత్తది పెట్టా. తేడా చూశారా? పాతది ఇంత పొట్టిగా అయిపోయింది. పైన ఈ రెండు పెదవుల్లాంటి అంచులు, ఫీడ్ లిప్స్, వీటి మధ్యే తూటా కూర్చుంటుంది. ఎడమ వైపుది కాస్త బయటికి విచ్చుకుంది. కింద పడేసి ఉంటారు, తూటాలు నిండుగా ఉన్నప్పుడు పడితే ఆ బరువంతా ఈ అంచుల మీదే పడుతుంది. నింపి పెడితే స్ప్రింగ్ పాడవుతుందని కంగారుపడేవాళ్లున్నారు. మంచి స్ప్రింగ్‌ని నింపి ఉంచడం కన్నా, మాటిమాటికీ నింపి ఖాళీ చేయడమే ఎక్కువ అరగదీస్తుంది.

కాబట్టి పిస్టల్ పాతదైనా పర్వాలేదు, మ్యాగజీన్లు కంపెనీవి, కొత్తవి కొనండి. రెండైనా కొనండి. ఒక పెయింట్ పెన్ను తీసుకుని అడుగున 1, 2 అని అంకెలు వేయండి. రేంజ్‌లో జామ్ అయితే ఏ అంకెదో రాసుకోండి. ప్రతిసారీ 2 అనే వస్తోందా, దొంగ దొరికినట్టే. అన్ని అంకెలూ వస్తున్నాయా, అప్పుడు పిస్టల్‌ని అనుమానించండి. అందులో కూడా ముందు చూడాల్సింది స్లైడ్‌ని మళ్లీ ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగే. దాన్ని కొన్ని వేల తూటాలు పేలాక ఒకసారి మార్చాలి, సెకండ్ హ్యాండ్‌లో ఎన్ని పేలాయో మీకు తెలియదు కాబట్టి ఇంటికి తెచ్చిన రోజే మార్చేయండి. ఇంకో మాట, కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో పది తూటాలకు మించి పట్టే మ్యాగజీన్లు కొనడం కుదరదు. దీని మామూలు మ్యాగజీన్‌లో 15 పడతాయి. మీ రాష్ట్రం రూల్స్ చూసుకుని ఆర్డర్ పెట్టండి.

"ఈ గోలంతా ఎందుకు, రివాల్వర్ కొనుక్కుంటే పోలా? అది జామ్ అవదు కదా" అని ఎవరో ఒకరు రాస్తారు. నా దగ్గర ఇంతకుముందు ఒక పాత థర్టీ-ఎయిట్ రివాల్వర్ ఉండేది. జామ్ అయింది. గుల్లల్ని బయటికి నెట్టే నక్షత్రం లాంటి ముక్క కింద కాలని మందు పొడి రెండు గింజలు ఇరుక్కున్నాయి. అంతే, సిలిండర్ మూయబోతే మూసుకోదు, బలవంతంగా మూస్తే తిరగదు. పిస్టల్ జామ్ అయితే మ్యాగజీన్ అడుగున ఒక దెబ్బ కొట్టి స్లైడ్ లాగితే చాలాసార్లు సర్దుకుంటుంది. రివాల్వర్ ఇరుక్కుందంటే బల్ల మీద పెట్టుకుని బ్రష్ తీసుకోవాలి. రివాల్వర్ మొరాయించడం అరుదే, ఒప్పుకుంటా. మొరాయిస్తే మాత్రం మొండికేస్తుంది.

అలాగే కొత్తది, ఖరీదైనది అయితే దిగులుండదనే నమ్మకం ఒకటి. సిగ్ సావర్ కంపెనీ పీ320 పిస్టల్ సంగతి గుర్తుందిగా? 2017 జనవరిలో అమెరికా సైన్యం ఆ డిజైన్‌ని ఎంచుకుంది. అదే ఏడాది ఆగస్టులో, కొన్ని కోణాల్లో కింద పడితే పేలుతోందని బయటపడి, బజార్లో అమ్మిన పిస్టళ్లకి కంపెనీ మార్పులు చేసిస్తామని ప్రకటించాల్సి వచ్చింది. అదేమీ చవక పిస్టల్ కాదు. అందుకే చవకదైనా, ఖరీదైనదైనా, ఆ మోడల్ పేరు పక్కన రీకాల్ అని కొట్టి వెతకండి. సెకండ్ హ్యాండ్ అయితే సీరియల్ నంబర్ కంపెనీకి చెప్పి ఆ మరమ్మతు అయిందో లేదో అడగండి. ఫోన్ చేస్తే చెబుతారు.

మరి కొత్తగా, చవగ్గా వచ్చే పిస్టళ్ల మాటేమిటి? వాటిల్లో పనిచేసేవి చాలానే ఉన్నాయి. ట్రిగ్గర్ బరువుగా, గరుకుగా ఉంటుంది, ఫినిషింగ్ అంతంతమాత్రం, విడిభాగాలూ హోల్‌స్టర్లూ తక్కువ దొరుకుతాయి. ఒకే మోడల్‌లో ఒకటి బంగారంలా పేలితే ఇంకొకటి మొదటి పెట్టె తూటాలకే తడబడుతుంది, కంపెనీకి పంపి వెనక్కి తెప్పించుకోవాలి. అందుకే అదే డబ్బుకు కొత్త చవక పిస్టలా, ట్రేడ్-ఇన్ గ్లాకా అంటే నేను ఆలోచించకుండా గ్లాకే తీసుకుంటా.

ఏది కొన్నా పరీక్ష ఒకటే. 1911 మార్చిలో కోల్ట్ పిస్టల్‌ని అమెరికా సైన్యం పరీక్షించినప్పుడు ఒకే పిస్టల్‌తో 6,000 తూటాలు పేల్చారు. వేడెక్కితే నీళ్లలో ముంచి మళ్లీ పేల్చారు. మనకంత అవసరం లేదు. మామూలు ప్రాక్టీసు తూటాలతో కనీసం రెండొందలు, తర్వాత ఇంట్లో ఏ హాలోపాయింట్ తూటాలు నింపి ఉంచుతారో వాటితో ఒక యాభై. హాలోపాయింట్ ముక్కు మొద్దుగా, గుంటతో ఉంటుంది. గుండ్రటి ముక్కు తూటాలు సాఫీగా ఎక్కిన ర్యాంపు మీదే అది తగులుకోవచ్చు. ఖరీదని ఈ యాభై ఎగ్గొట్టకండి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే.

ఫార్టీ చేతిలో ఎలా ఉందంటే, నాకు నచ్చలేదు. మణికట్టు మీద చురుగ్గా తన్నుతుంది. మొదటి తూటా బాగానే తగులుతుంది, రెండోదానికి సైట్లు మళ్లీ లక్ష్యం మీదకి రావడానికి టైం పడుతోంది. చేతులు చిన్నవైనా, కొత్తగా నేర్చుకుంటున్నా ట్రేడ్-ఇన్‌లోనే గ్లాక్ 17 లాంటి 9 ఎం.ఎం. కోసం ఓపిక పట్టండి. ధర కొంచెం ఎక్కువే ఉంటుంది, తూటాల ఖర్చులో ఆ తేడా వచ్చేస్తుంది.

ఇంట్లో పిల్లలుంటే, లేకపోయినా వచ్చిపోయేవాళ్లుంటే, లాక్ బాక్స్ కూడా ఈ బడ్జెట్‌లోనే లెక్కేసుకోండి. బాక్స్‌కి డబ్బు మిగలకపోతే తుపాకీ కొనడం వచ్చే నెలకి వాయిదా వేయండి.

నా తీర్పు అడిగితే, డీలర్‌కి డబ్బు పంపించేశా. ఉంచుకుంటున్నా. కొత్త రికాయిల్ స్ప్రింగ్ వేశా, కొత్త మ్యాగజీన్లు రెండు వచ్చాయి, రెండూ పరీక్ష పాసయ్యాయి. పాత మూడోదాన్ని పారేయలేదు. అడుగున ఎర్ర రంగు పూసి రేంజ్ బ్యాగులో వేశా. ఎప్పుడు జామ్ చేస్తుందో చెప్పలేం కాబట్టి, జామ్ తీసే ప్రాక్టీసుకి అంతకన్నా మంచిది దొరకదు. వచ్చే వీడియోలో దాంతోనే చూపిస్తా, తట్టి లాగడం ఎలాగో.